మైకు ముందు ఇద్దరు ఉన్నప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో చాలా వాటి సారాంశం ఒకటే కావడంతో వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను. బ్యాండులో పాడేవారు ఒకరికి మించి ఉన్నప్పుడు ముందు నిలబడే బాధ్యతను ఎలా పంచుకోవాలి, పాటకూ పాటకూ మధ్య శ్రోతలతో ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలి అన్నవే ఆ ప్రశ్నలు. ఉత్తరాలను క్లుప్తపరచి, రాసినవారి పేర్లు తీసివేశాను.

ప్రశ్న: మాది విజయవాడలో అయిదుగురు సభ్యుల బ్యాండు. మొదటినుంచీ గిటారు వాయిస్తూ పాడేది నేనే, వేదిక మీద మాట్లాడేదీ నేనే. ఏడాది కిందట మరో గాయకుడు మాతో చేరాడు. గొంతు విషయంలో అతను నాకంటే మెరుగైనవాడు. ఇప్పుడు పాటలు చెరిసగం పాడుతున్నాం. చిక్కంతా పాట ముగిశాక వస్తోంది. ఒక్కోసారి ఇద్దరం ఒకేసారి మాట్లాడటం మొదలుపెడతాం. ఒక్కోసారి అతను మాట్లాడతాడని నేను, నేను మాట్లాడతానని అతను ఊరుకుంటాం. ఇటీవల ఒక కళాశాల వార్షికోత్సవంలో ఇలాగే జరిగి, జనం లేచి వెళ్లడం మొదలుపెట్టారు. ఒకరినే ఫ్రంట్‌మ్యాన్‌గా ఉంచాలని మా డ్రమ్మర్ అంటున్నాడు. మీ సలహా ఏమిటి?

సమాధానం: మీ డ్రమ్మర్ చెప్పిన మార్గం సులువైనదే గానీ, మీ బ్యాండుకు దాని అవసరం లేదని నా అభిప్రాయం. ముందు నిలబడే మనిషి చేసే పనులు నిజానికి మూడు ఉన్నాయి. ప్రధాన గాత్రం ఒకటి. పాట ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎక్కడ ఆపాలో వాద్యకారులకు సైగ చేయడం రెండోది. శ్రోతలతో మాట్లాడటం మూడోది. చాలా బ్యాండుల్లో ఈ మూడూ ఒకరి చేతిలోనే ఉంటాయి కాబట్టి అవి విడదీయరానివని మనకు అనిపిస్తుంది. మీరు మొదటి పనిని ఇద్దరూ పంచుకున్నారు. మిగిలిన రెండింటినీ ఎవరికీ అప్పగించకుండా వదిలేశారు. కళాశాలలో జరిగినదానికి కారణం అదే. ఇద్దరు గాయకులు ఉండటం అందుకు కారణం కాదు.

ఈ విషయంలో బీటిల్స్ బృందాన్ని గమనించమని చెబుతాను. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ ఇద్దరూ ప్రధాన గాయకులే, ఇద్దరూ మాటకారులే. 1963 నవంబర్ 4న లండన్‌లోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ థియేటర్‌లో రాజకుటుంబీకుల సమక్షంలో వారు నాలుగు పాటలు మాత్రమే పాడారు. మూడో పాటకు ముందు మాట్లాడినవాడు మెకార్ట్నీ. ఆ పాట పాడినదీ అతనే. చివరి పాటకు ముందు మాట్లాడినవాడు లెనన్. అది అతను పాడే పాట. చవక టికెట్ల వరుసల్లో కూర్చున్నవారు చప్పట్లు కొట్టండి, మిగిలినవారు మీ నగలు గలగలలాడిస్తే చాలు అని అతను అన్న ఆ మాటే ఇప్పటికీ చెప్పుకొంటున్నాం. ఆ మాటలోని చమత్కారం సంగతి అలా ఉంచి, అది ఏ స్థానంలో పడిందో చూడండి. తర్వాతి పాట ఎవరిదో, ఆ పాటకు ముందున్న విరామం వారిది. అంతకుముందు 1960 నుంచి హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రి తర్వాత రాత్రి గంటల తరబడి వాయిస్తూ, తాగి గోల చేసే జనాన్ని నిలబెట్టుకోవలసి వచ్చిన అనుభవం వారిది. అంత సులువుగా కనిపించిన ఆ పంపకం వెనుక అంతటి అభ్యాసం ఉంది.

మీరు కూడా ఈ సూత్రంతోనే మొదలుపెట్టవచ్చు. దీనిలో మరో సదుపాయం ఉంది. ఇప్పుడే పాట ముగించిన గాయకుడికి ఊపిరి సర్దుకోవడానికి, గుక్కెడు నీళ్లు తాగడానికి వ్యవధి కావాలి. తర్వాతి పాట మీ మిత్రుడిదైతే, మీరు నీళ్లు తాగుతుండగా ఆయన మాట్లాడతారు. ఒకవేళ మీరే వరుసగా రెండు పాటలు పాడవలసి వస్తే ఆ రెండింటి మధ్య విరామాన్ని ఆయనకే ఇవ్వండి. పై స్థాయిలో గట్టిగా పాడిన వెంటనే మాట్లాడబోయే గాయకుడి మాటలు సగం గాలిలో కలిసిపోతాయి, ఆ తర్వాతి పాట మొదటి చరణం కూడా దెబ్బతింటుంది.

ఇలా ముందుగా నిర్ణయించుకుంటే మాటల్లో సహజత్వం పోతుందేమోనన్న సందేహం మీకు రావచ్చు. మన బుర్రకథ ఈ సందేహాన్ని ఎప్పుడో తీర్చింది. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, ఆయనకు రెండు పక్కలా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. కథ నడిపే అధికారం కథకుడిది. లోకం తీరు మీద, నాటి రాజకీయాల మీద వ్యాఖ్యానించేది రాజకీయ వంత. నవ్వించేది హాస్య వంత. ఎవరు ఏ సందర్భంలో నోరు విప్పాలో, ఏ మాట మీద కథకుడు మళ్లీ కథ అందుకోవాలో వారికి ముందే తెలుసు. అయినా వినేవారికి అది అప్పటికప్పుడు పుట్టిన సంభాషణలాగే ఉంటుంది. కథకుడు ఒక చరణం ముగించగానే వంతలు ‘తందాన తాన’ అని అందుకోవడం వల్ల ఆయనకు ఊపిరి తీసుకునే వ్యవధి కూడా దొరుకుతుంది. 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద షేక్ నాజర్ వంటి మహాకళాకారుడు ఊరూరా వేలమందిని కూర్చోబెట్టగలిగాడంటే ఆయన గొంతుకూ ఆవేశానికీ తోడు ఈ పని విభజన కూడా ఉంది. ఆ రూపంలో పాట ఎంత ముఖ్యమో మాటా అంతే ముఖ్యం. మాటకు కూడా సాధన ఉంటుంది. గిటారు సోలో ఎవరు వాయించాలో రిహార్సల్‌లో తేల్చుకునే బ్యాండులు, మాట ఎవరు మాట్లాడాలో వేదిక ఎక్కాక చూసుకుందామనుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఇక ఆచరణకు వద్దాం. మీరు ప్రదర్శనకు ముందు రాసుకునే పాటల జాబితాలో ప్రతి రెండు పాటల మధ్యా ఒక గీత గీసి, ఆ గీత మీద మాట్లాడేవారి పేరు రాయండి. ఎవరూ మాట్లాడకుండా ఒక పాటలోంచి మరో పాటలోకి నేరుగా వెళ్లే చోట్ల ‘మాట లేదు’ అని స్పష్టంగా రాయండి. మీ ఇద్దరి మధ్యా వచ్చిన చిక్కు సగం ఇక్కడే తీరిపోతుంది. ఆ కాగితం నకలు అయిదుగురి కాళ్ల దగ్గరా ఉండాలి, ఒకటి సౌండ్ ఇంజినీరు చేతిలో ఉండాలి. గాత్రానికి వేసే ప్రతిధ్వనిని మాట్లాడేటప్పుడు తీసివేయకపోతే పెద్ద హాలులో మాటలు ఒకదానిమీద ఒకటి పడి ఏమీ అర్థం కావు. ఎవరు మాట్లాడబోతున్నారో తెలిస్తేనే ఆయన ఆ మైకును సిద్ధం చేయగలడు.

మాట ముగిసిందని డ్రమ్మర్‌కు ఎలా తెలుస్తుంది అన్నది తర్వాతి ప్రశ్న. ప్రతి విరామానికీ చివరి వాక్యాన్ని ముందే నిర్ణయించుకోండి. మధ్యలో ఏమి మాట్లాడినా ఫరవాలేదు గానీ, ఆ చివరి వాక్యం మాత్రం మారకూడదు. అది వినగానే డ్రమ్మర్ కర్రలు ఎత్తాలి. పాట పేరునే చివరి మాటగా పెట్టుకోవడం అన్నిటికంటే సులువు.

మొదటి పలకరింపు, చివరి వీడ్కోలు మాత్రం ఒకరి చేతిలోనే ఉండాలని నా గట్టి అభిప్రాయం. కొత్త ఊళ్లో, కొత్త జనం ముందు వేదిక ఎక్కినప్పుడు శ్రోతలు ముందుగా ఒక ముఖాన్ని పట్టుకుంటారు. ఆ ముఖం రెండో గాయకుడిని పరిచయం చేస్తే శ్రోతలు ఆయనను కూడా వెంటనే తమవాడిగా స్వీకరిస్తారు. మీ ఇద్దరికీ అది గౌరవప్రశ్నగా మారేటట్లుంటే, ఒక ప్రదర్శనలో మీరు, మరో ప్రదర్శనలో ఆయన ఆ పని చేయండి. ఒకే ప్రదర్శనలో మాత్రం దాన్ని చీల్చకండి. పాటలు చెరిసగం కాబట్టి మాటలు కూడా చెరిసగం కావాలని లెక్క వేసుకోవద్దు. మీకు మాట్లాడటం వచ్చు, మొదటినుంచీ చేస్తున్నారు. ఆయనకు గొంతు ఉంది. ఆయన రెండు చోట్ల మాట్లాడి, మీరు నాలుగు చోట్ల మాట్లాడితే అది అన్యాయం కాదు. ఆ నిర్ణయం ఇద్దరూ కూర్చుని చేసుకున్నదై ఉంటే చాలు.

ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవారు చేయవలసిన పని కూడా ఉంది. దానిని ఎవరూ నేర్పరు కాబట్టి చెబుతున్నాను. తీగల మీద చేతులు పెట్టి టింగుటింగుమనిపించకూడదు, వెనక్కి తిరిగి కీబోర్డు మిత్రుడితో ముచ్చట్లు పెట్టకూడదు. మాట్లాడుతున్నవారి వైపు చూడాలి. వేదిక మీద మీరు ఎటు చూస్తే శ్రోతలూ అటే చూస్తారు.

ప్రశ్న: నేను వరంగల్‌లో ఒక బ్యాండులో బేస్ గిటారు వాయిస్తాను. మా గాయకుడు అద్భుతంగా పాడతాడు గానీ మాట్లాడమంటే గొంతు పెగలదు. అందుకని పాటల మధ్య నేనే మాట్లాడుతున్నాను. పాడని మనిషి మాట్లాడటం ఎబ్బెట్టుగా ఉందని కొందరు అంటున్నారు. మానుకోమంటారా?

సమాధానం: మానుకోకండి. మన దేశంలోనే ఇందుకు చక్కని ఉదాహరణ ఉంది. ఢిల్లీకి చెందిన ఇండియన్ ఓషన్ బృందంలో శ్రోతలతో ముచ్చటించే బాధ్యత ఎక్కువగా మోసేది బేస్ గిటారు వాయించే రాహుల్ రామ్. ఆయన పాడతారు కూడా, అది వేరే సంగతి. నర్మదా బచావో ఆందోళనలో పాల్గొన్న మనిషి కావడం వల్ల, ఆ నది గురించిన ‘మా రేవా’ పాటను పరిచయం చేసే హక్కు ఆయనకు సహజంగా దక్కింది. పాట వెనుక ఉన్న జీవితం ఎవరికి తెలుసో వారే దాని గురించి మాట్లాడితే శ్రోతలకు నమ్మకం కలుగుతుంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే సుప్రసిద్ధ బృందానికి ఆ పేరు వచ్చింది డ్రమ్మర్ మిక్ ఫ్లీట్‌వుడ్, బేసిస్టు జాన్ మెక్‌వీల పేర్ల నుంచి. 1977లో వచ్చిన ‘రూమర్స్’ ఆల్బమ్‌లో ప్రధాన గాత్రాలన్నీ మిగిలిన ముగ్గురివే. బ్యాండుకు పేరిచ్చినవారు ముందు నిలబడి పాడాలన్న నియమం లేనప్పుడు, పాడేవారే మాట్లాడాలన్న నియమం మాత్రం ఎందుకుండాలి?

మీ మిత్రులకు ఎబ్బెట్టుగా అనిపించడానికి కారణం మీరు నిలబడే చోటు కావచ్చు. బేసిస్టు సాధారణంగా డ్రమ్స్ పక్కన, కాస్త వెనగ్గా నిలబడతాడు. అక్కడినుంచి మాట వినిపిస్తే ఎవరు మాట్లాడుతున్నారో శ్రోతలకు వెంటనే తెలియదు. అప్పుడు వారి చూపు మైకు ముందు ఊరికే నిలబడిన గాయకుడి మీద పడుతుంది, అతనికి మరింత ఇబ్బంది అవుతుంది. మీకు సొంత మైకు, సొంత స్టాండు ఉండాలి, అవి గాయకుడి స్టాండుతో సమానమైన వరుసలో ఉండాలి. పాడకపోయినా సరే, నిర్వాహకులకు ఇచ్చే పరికరాల జాబితాలో ఆ మైకును తప్పక చేర్చండి. గాయకుడి మైకు దగ్గరకు మీరు నడిచి వెళ్లి మాట్లాడటం, ఆయన పక్కకు తప్పుకోవడం చూడటానికి బాగుండదు. మాట మొదలుపెట్టే ముందు బేస్ గిటారు ధ్వనిని ఆపేయండి. తీగకు వేలు తగిలితే వచ్చే ఆ గుబగుబ మీ మాటలను మింగేస్తుంది.

డ్రమ్మర్లు మాట్లాడే బ్యాండులకు కూడా ఇదే వర్తిస్తుంది, అయితే అక్కడ ఇంకో చిక్కు ఉంది. డ్రమ్స్ దగ్గరి గాత్రం మైకులోకి తాళాల మోత దూరుతుంది కాబట్టి, దాన్ని వాడని సమయంలో సౌండ్ ఇంజినీరు మూసి ఉంచుతాడు. ముందుగా చెప్పకపోతే డ్రమ్మర్ మొదటి వాక్యం ఎవరికీ వినపడదు.

మీ గాయకుడిని మాత్రం పూర్తిగా మౌనంగా వదిలేయకండి. మీరు మాట్లాడేటప్పుడు ఆయన పేరు కనీసం ఒకసారి స్పష్టంగా చెప్పండి. ఆయన చేత ఒక్క వాక్యం చెప్పించండి, అది ప్రతి ప్రదర్శనలోనూ అదే వాక్యం అయినా ఫరవాలేదు. చివర్లో ‘ధన్యవాదాలు’ అన్న మాట ఆయన గొంతునుంచి వస్తే, అంతసేపు ఆ గొంతు విన్న శ్రోతలకు తృప్తిగా ఉంటుంది.

ప్రశ్న: మేము అమెరికాలోని డాలస్ దగ్గర ఉంటాము. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో తెలుగు పాటలు వాయించే చిన్న బ్యాండు మాది. నేనూ, నా స్నేహితుడూ పాడతాము. మధ్యలో ఏమి మాట్లాడాలో తెలియక ‘ఎలా ఉన్నారు, బాగున్నారా, గట్టిగా చప్పట్లు కొట్టండి’ అనే మాటలే మళ్లీ మళ్లీ అంటున్నాము. పెద్దలకు తెలుగు కావాలి, పిల్లలకు ఇంగ్లీషు కావాలి. ఈ రెండు చిక్కులకూ దారి చూపండి.

సమాధానం: చప్పట్లు అడగడం మానేయడమే మొదటి మెట్టు. ఒకసారి అడిగితే ఉత్సాహం, రెండోసారి అడిగితే మొహమాటం, మూడోసారికి శ్రోతలకు అది పన్ను కట్టడంలా ఉంటుంది. జనం చేత ఏదైనా చేయించదలిస్తే, చేయడానికి ఒక పని ఇవ్వండి. 1985 జూలై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్‌లో క్వీన్ బృందానికి దక్కిన సమయం 20 నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. అందులో వారి గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మాటల్లేని స్వరాలను ఒక్కొక్కటిగా పాడి, జనం చేత తిరిగి పాడించాడు. ఉపన్యాసం చెప్పలేదు, చప్పట్లు అడగలేదు. మీ పిల్లల చేత పల్లవిలో ఒక్క ముక్క అనిపించండి. అర్థం తెలియకపోయినా వారికి ఆ పాట గుర్తుంటుంది.

ఏమి మాట్లాడాలన్నదానికి నాకు తెలిసిన ఉత్తమ ఆదర్శం ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. ‘పాడుతా తీయగా’ వేదిక మీద ఆయన ఒక పాట గురించి మాట్లాడితే, ఆ పాట రాసిన కవి పేరు, బాణీ కట్టిన సంగీత దర్శకుడి పేరు తప్పకుండా వచ్చేవి. ఫలానా పదం అక్కడ ఎందుకు పడిందో, ఫలానా చోట గొంతును ఎందుకు తగ్గించాలో చెప్పేవారు. ఆ రెండు మాటలు విన్నాక మనం ఆ పాటను ఇంకా శ్రద్ధగా వినేవాళ్లం. మీ విరామాల్లో ఒక్కొక్క పాటకు ఇటువంటి ఒక్క సంగతి వెతికి పెట్టుకోండి. కవి ఎవరు, ఏ ప్రాంతపు పలుకుబడి, మీరిద్దరిలో ఎవరికి ఆ పాట ఇంట్లో ఎవరు నేర్పారు అన్నవి చాలు. ఒక్క సంగతి చాలు, మూడు వద్దు.

కథ చెప్పదలిస్తే హరికథకుల దగ్గర నేర్చుకోవాలి. ఆదిభట్ల నారాయణదాసు వంటి మహానుభావులు తీర్చిదిద్దిన ఆ కళలో ప్రధాన కథ నడుస్తుండగా పిట్టకథ వస్తుంది. అది ఎక్కడ మొదలైనా, ముగిసేసరికి శ్రోతను మళ్లీ ప్రధాన కథలోకే తెచ్చి దింపుతుంది. మీ మాట కూడా తర్వాతి పాట గుమ్మంలోనే ఆగాలి. పండుగ భోజనాల గురించి మొదలుపెట్టి, ట్రాఫిక్ గురించి ముగించి, ‘సరే, ఇప్పుడు పాట’ అంటే అంతసేపు చెప్పినదంతా వృథా అయినట్టే.

విరామాలు కొన్ని తప్పనిసరిగా వస్తాయి. గిటారు శ్రుతి చేసుకోవాలి, కాపో (శ్రుతి పెంచడానికి గిటారు మెడకు బిగించే క్లిప్పు) మార్చాలి, కీబోర్డులో మరో స్వరం ఎంచుకోవాలి. 1970ల తొలి ఏళ్లలో ఇంగ్లండుకు చెందిన జెనిసిస్ బృందంలో పన్నెండు తీగల గిటార్లను శ్రుతి చేసేసరికి చాలా సమయం పట్టేది. ఆ ఖాళీని నింపడానికి గాయకుడు పీటర్ గేబ్రియల్ వింత వింత కథలు చెప్పేవాడు. క్రమంగా ఆ కథలే వారి ప్రదర్శనలకు ప్రత్యేకత తెచ్చిపెట్టాయి. మీ జాబితాలో అటువంటి తప్పనిసరి ఖాళీలు ఎక్కడ వస్తాయో ముందుగా గుర్తించి, పెద్ద కథను అక్కడ పెట్టుకోండి. అందరూ సిద్ధంగా నిలబడి ఉన్నచోట మాత్రం పెద్ద కథ వద్దు. గిటారు వాయించేవారే శ్రుతి చేసుకుంటూ మాట్లాడటం అంతకన్నా వద్దు. రెండు పనులూ చెడతాయి. ముందు నిలబడేవారు ఇద్దరుండటం వల్ల మీకు కలిగే పెద్ద మేలు ఇదే: ఒకరు శ్రుతి చేసుకుంటారు, మరొకరు మాట్లాడతారు.

భాష విషయానికొస్తే, చెప్పినదాన్నే తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పవద్దు. విరామం రెట్టింపు అవుతుంది, రెండు భాషల వారికీ సగం సమయం ఖాళీగా గడుస్తుంది. మీలో ఒకరు తెలుగులో ఒక సంగతి చెబితే, రెండోవారు ఇంగ్లీషులో దాని తర్వాతి సంగతి చెప్పండి. ఉదాహరణకు, ఇది ధాన్యం దంచేటప్పుడు పాడుకునే పాట అని మీరు తెలుగులో చెప్పండి. దంపుడు లయను చేతులతో ఎలా వేయాలో మీ స్నేహితుడు పిల్లలకు ఇంగ్లీషులో చూపించాలి. ఇద్దరూ ఒకే మాటను మోయకుండా, ఒకే విరామాన్ని మోస్తారు.

మాట్లాడకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. ‘మాకు సరిగా రిహార్సల్ కుదరలేదు’, ‘మానిటర్ (మా పాట మాకు వినిపించే స్పీకరు) పనిచేయడం లేదు’, ‘జలుబు చేసింది’ వంటివి మైకులో అనవద్దు. శ్రోతలు అప్పటిదాకా గమనించని లోపాన్ని మీరే వెతికి చేతికిచ్చినట్టవుతుంది. సౌండ్ ఇంజినీరుతో పని ఉంటే చేతి సైగలు ముందే అనుకోండి. మీలో మీరు నవ్వుకునే పాత జోకులు, ముద్దుపేర్లు వేదిక కిందే ఉండాలి. 45 నిమిషాల ప్రదర్శనలో మాటలన్నీ కలిపి అయిదారు నిమిషాలు దాటకుండా ఉంటే మంచిది. ఇద్దరు మాట్లాడే బ్యాండుల్లో ఇది తేలికగా పది నిమిషాలకు చేరుతుంది, ఎందుకంటే ఒకరన్న దానికి రెండోవారు బదులు చెప్పకుండా ఉండలేరు. ఒకసారి మీ ప్రదర్శనను ఫోన్‌లో రికార్డు చేసి, పాటలు వదిలేసి మాటలు మాత్రమే వినండి.

ప్రశ్న: నేను విశాఖపట్నంలో ఒక బ్యాండులో పాడతాను. సగం పాటలు నావే, కొన్నిటికి బాణీ కూడా నేనే కట్టాను. అయినా నిర్వాహకులు, యాంకర్లు మా బ్యాండులోని అబ్బాయితోనే మాట్లాడతారు. నన్ను ‘మధురంగా పాడే అమ్మాయి’ అని పరిచయం చేసి వదిలేస్తారు. మా వాళ్లు మంచివాళ్లే గానీ, ఇందులో తప్పేముందని అడుగుతున్నారు.

సమాధానం: తప్పు ఉంది, అది మీ బ్యాండు సరిదిద్దుకోవలసిన తప్పు. నిర్వాహకులు ఎవరితో మాట్లాడతారన్నది మీరు ఎవరిని ముందుకు పంపుతారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. పరిచయ వాక్యాలను మీరే రాసి యాంకర్‌కు ముందుగా ఇవ్వండి. అందులో మీ పేరు, మీరు కట్టిన బాణీల సంగతి ఉండాలి. కాగితం చేతికిస్తే చాలామంది యాంకర్లు సంతోషంగా అదే చదువుతారు, వారికీ పని తగ్గుతుంది కదా.

రెండోది ఇంకా ముఖ్యం. మీ బాణీ గురించి మీరే మాట్లాడండి. ఇంతకుముందు చెప్పిన ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌లో స్టీవీ నిక్స్, క్రిస్టీన్ మెక్‌వీ ఎవరి పాటలు వారు రాసుకున్నారు, వారే పాడారు. పాట వారిదన్న విషయంలో వినేవారికి సందేహమే ఉండేది కాదు. మీ పాటకు ముందు ఆ అబ్బాయి ‘ఇప్పుడు మా అమ్మాయి పాడుతుంది’ అని అనుమతి ఇస్తున్నట్టు మాట్లాడటం వెంటనే మానాలి. ఆ విరామం మీది. మాట మీది, చివరి వాక్యం మీది, డ్రమ్మర్‌కు సైగ చేసేదీ మీరే. ఈ చివరి సంగతిని తేలికగా తీసుకోవద్దు. పాట ఎత్తుకోమని మీరు సైగ చేస్తే, వాద్యకారులందరూ మీ వైపు చూసి మీ సైగ మీద వాయించడం మొదలుపెడితే, మీ స్థానం ఏమిటో శ్రోతలకు వేరే చెప్పనక్కరలేదు. వచ్చే మూడు నెలల ప్రదర్శనల్లో మొదటి పలకరింపు కూడా మీకే ఇవ్వమని అడగండి. మీ వాళ్లు మంచివాళ్లని మీరే రాశారు. ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ప్రశ్న: మా బ్యాండులో ముందు నిలబడే ఇద్దరిలో ఒకరు ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్లిపోయారు. జనంతో సరదాగా మాట్లాడేది ఆయనే. వచ్చే నెల హైదరాబాద్‌లో ప్రదర్శన ఉంది. ఆయనలాగే మాట్లాడే మరొకరిని వెతకాలా?

సమాధానం: ఆయనలాంటి మనిషిని వెతకవద్దు, ఆయన చేసిన పనులను విడదీసి చూడండి. 2009 డిసెంబర్ 25న ఇండియన్ ఓషన్ బృందం అశీమ్ చక్రవర్తిని కోల్పోయింది. ఆయన పాడేవారు, తబలా తదితర తాళవాద్యాలూ వాయించేవారు. తర్వాత ఆ బృందం గాత్రానికి హిమాంశు జోషిని, తాళవాద్యాలకు తుహీన్ చక్రవర్తిని తీసుకుంది. ఒక మనిషి వదిలి వెళ్లిన చోటును ఇద్దరు పంచుకున్నారు. జెనిసిస్ ఇందుకు భిన్నంగా నడిచింది. 1975లో గేబ్రియల్ వెళ్లిపోయాక, అప్పటికే వారి డ్రమ్మర్ అయిన ఫిల్ కాలిన్స్ పాటలు పాడటానికి ముందుకు వచ్చాడు, ప్రదర్శనల్లో డ్రమ్స్ కోసం మరొకరిని తెచ్చుకున్నారు. మీకు కావలసిన మనిషి ఇప్పటికే మీ వెనుక వరుసలో ఉన్నాడేమో చూడండి. రిహార్సల్ విరామాల్లో అందరినీ కూర్చోబెట్టి కబుర్లు చెప్పేది ఎవరో ఆలోచిస్తే సమాధానం దొరకవచ్చు.

వెళ్లినవారు మాట్లాడిన తీరును మిగిలినవారు అనుకరించకూడదు. ఆయన సరదా మనిషి కావచ్చు. మీరు నెమ్మది మనిషైతే నెమ్మదిగానే మాట్లాడండి. మీ విరామాలు కొంతకాలం చిన్నవి అవుతాయి, దానివల్ల నష్టం లేదు. ఆయన పాడే పాటల్లో జనానికి బాగా తెలిసినవి ఉంటే, ఒకదానిని జనం చేతే పాడించవచ్చు. తమ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ మరణించిన తర్వాత 2017 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన స్మారక ప్రదర్శనలో లింకిన్ పార్క్ బృందం ‘నమ్’ పాటను గాయకుడు లేకుండా వాయించి, గాత్రాన్ని శ్రోతలకే వదిలింది. మీ మిత్రుడు క్షేమంగా ఉన్నాడు కాబట్టి మీది సంతోషంగా చేసుకోగల ఏర్పాటు. ఆయన చేత ఆ పాట పరిచయ వాక్యాన్ని ఫోన్‌లో చెప్పించి తెప్పించుకుని, సౌండ్ ఇంజినీరు చేత వినిపించవచ్చు కూడా.

హైదరాబాద్ ప్రదర్శనలో ఆయన లేని సంగతిని దాచవద్దు. మొదటి మాటల్లోనే చెప్పడం కూడా సరికాదు, శ్రోతలు అక్కడే ఆగిపోతారు. రెండో పాట ముగిశాక, ఇప్పుడు మొదటి పలకరింపు చేసేది ఎవరో వారే ఒకటి రెండు వాక్యాల్లో చెప్పాలి: ఆయన ఎక్కడికి వెళ్లారు, ఆయన పాటల్లో దేనిని ఎవరు పాడబోతున్నారు. ఆ మాట చివర తర్వాతి పాట పేరు ఉండాలి, డ్రమ్మర్ అప్పటికే కర్రలు ఎత్తి ఉండాలి.